లాంగ్‌బో చప్పుడు తగ్గాలంటే: విల్లు ట్యూనింగ్, దానికి తగ్గ బాణాల ఎంపిక, మొదటి నుంచి చివరిదాకా

"బాణం వదలగానే విల్లు టంగుమని మోగుతోంది, నారికి సైలెన్సర్లు కట్టినా తగ్గట్లేదు, ఇంకేం కట్టాలి?" అని అడిగేవాళ్లకు విడివిడిగా చెప్పీ చెప్పీ, మొత్తం ఒకచోట రాసిపెడితే మంచిదనిపించింది. ఇంకేమీ కట్టొద్దు. నారికి కట్టిన ఊలు, రబ్బరు సైలెన్సర్లు కూడా ఇప్పటికి విప్పి పక్కన పెట్టండి.

విల్లు లాగినప్పుడు మీరు అందులో కొంత శక్తి నింపుతారు. వదిలాక అందులో ఎక్కువ భాగం బాణం పట్టుకెళ్తుంది. బాణం మిగిల్చి వెళ్లింది నారిలో ఊగుతుంది, లింబుల్లో (పిడికి పైనా కిందా వంగే భాగాల్లో) వణుకుతుంది, పిడిలోంచి మణికట్టుకు తగులుతుంది, చెవికి చప్పుడుగా వినిపిస్తుంది. చేతికి జర్క్ ఎక్కువ కొట్టే విల్లు సాధారణంగా చప్పుడూ ఎక్కువే చేసేది ఇందుకే. సైలెన్సర్ ఆ మిగులును కొంచెం మింగుతుంది, అంతకంటే ఏమీ చేయలేదు. మిగులే తక్కువగా ఉండేలా చూసుకోవడం అసలు పని, అది బాణం దగ్గర, బ్రేస్ హైట్ (నారికీ పిడికీ మధ్య దూరం) దగ్గర జరుగుతుంది.

నేనూ మొదట్లో నారి మీదే పడ్డాను. వింటి మీద 45 పౌండ్లు (28 అంగుళాలు లాగి నిలపడానికి కావలసిన బలం) అని రాసుంది కదా అని 45కు సరిపోయే బాణాలు కొన్నాను. వదిలిన ప్రతిసారీ షెల్ఫ్ (పిడి పైన బాణం ఆనే గట్టు) దగ్గర టక్ మని గట్టి చప్పుడు. అది నారి చప్పుడే అనుకుని నెల రోజులు దానితోనే కుస్తీ పట్టాను. తీరా కొలిస్తే నేను లాగేది 26న్నర అంగుళాలే, అంటే నా చేతిలో అది దాదాపు 41 పౌండ్ల విల్లు. బాణాలు దానికి మరీ గట్టివి, వంగి తప్పుకోవాల్సింది పోయి వింటిని కొట్టుకుంటూ వెళ్తున్నాయి. ఏ సైలెన్సరూ ఆ చప్పుడును ఆపలేదు.

ఇక్కడ కుడి ఎడమల లెక్కంతా కుడిచేత్తో నారి లాగేవాళ్లకు రాశాను. ఎడమచేతివాళ్లు తిప్పి చదువుకోండి.

## 1. ముందు చప్పుడును వినండి

అన్ని చప్పుళ్లూ ఒకటి కావు. బాణం వేసేవాడి చెవి నారికి జానెడు దూరంలో ఉంటుంది కాబట్టి అతనికి అంతా కలిసి ఒకటే మోతగా వినిపిస్తుంది. ఫోన్‌ను మీ పక్కన 8, 10 మీటర్ల దూరంలో, బాణం దారికి బాగా ఎడంగా పెట్టి రికార్డ్ చేయండి, తర్వాత హెడ్‌ఫోన్స్‌లో వినండి. విడివిడిగా తెలుస్తాయి.

- సాగే టంగ్, లేదా జుమ్మని కాసేపు వినిపించే మోత: నారి ఊగుతోంది. బ్రేస్ హైట్ సరిగా లేదు, లేదా బాణం తేలిక.
- పొట్టిగా, గట్టిగా టక్: బాణం షెల్ఫ్‌నో విండో (షెల్ఫ్ పైన బాణం కోసం వింటిని కోసిన చోటు) పక్క భాగాన్నో కొడుతోంది. స్పైన్ (బాణం ఎంత గట్టిదో, ఎంత వంగుతుందో) లేదా నాక్ పాయింట్ (నారి మీద బాణం తగిలించే చోటు) తేడా.
- చట్ మని, దానితోపాటు ముంజేతి మీద మంట: నారి ఆర్మ్‌గార్డ్‌కు తగులుతోంది. బ్రేస్ తక్కువ, లేదా మోచేయి లోపలికి తిరిగి ఉంది.
- లాగేటప్పుడే గరగర లేదా కిర్రు: షెల్ఫ్ తోలు, వదులు సర్వింగ్ (నారి మీద చుట్టిన దారం), లింబ్ కొసల్లో నారి కన్ను (నారి చివరి ఉచ్చు) సర్దుకోవడం.
- బాణం గాల్లో వెళ్తుంటే సర్రుమనే శబ్దం: ఈకలు.

మీ విల్లు చేసే చప్పుడు ఇందులో ఏదో కాగితం మీద రాసుకోండి. రెండు కూడా ఉండొచ్చు. ఒక్క జాగ్రత్త: లాగేటప్పుడు కర్రలోంచి టిక్ మని వినిపిస్తే అది ట్యూనింగ్ సమస్య కాదు, పగులు కావచ్చు. వెంటనే నారి దించేసి, లింబ్ మొత్తం వెలుతురులో చూడండి, అనుమానం తీరేదాకా మళ్లీ లాగొద్దు.

## 2. చేతిలో ఉండాల్సినవి

- బో స్క్వేర్. నారికి తగిలించి బ్రేస్ హైట్, నాక్ పాయింట్ కొలిచే టీ ఆకారపు స్కేల్
- నారి ఎక్కించే స్ట్రింగర్ తాడు
- 0.1 గ్రాము దాకా చూపే చిన్న డిజిటల్ త్రాసు
- సర్వింగ్ దారం లేదా దంతాలు శుభ్రం చేసుకునే ఫ్లాస్
- నారికి పూసే మైనం
- రెండు మూడు రకాల బరువున్న ములికులు, అంటే పాయింట్లు
- ఈకలు లేని రెండు బాణాలు, మిగతావాటితో అన్నివిధాలా ఒకేలా ఉండాలి
- టాల్కమ్ పౌడర్
- నోట్‌బుక్, పెన్సిల్

రెండు విషయాల్లో రాజీ వద్దు. బాణం లేకుండా నారి లాగి వదలొద్దు, చప్పుడు ఎలా ఉందో చూద్దామని కూడా. ఆ శక్తంతా లింబుల్లోకే తిరిగొచ్చి విల్లు విరగొచ్చు. రెండోది, ప్రతి బాణాన్నీ వేసేముందు రెండు చేతుల్తో పట్టుకుని కొంచెం వంచి, తిప్పి, మళ్లీ వంచి చూడండి, చెవి దగ్గర పెట్టుకుని వినండి. కార్బన్ అయినా కర్ర అయినా, చిటపటమన్నది పక్కకు పోవాల్సిందే.

## 3. మీ విల్లు మీ చేతిలో ఎన్ని పౌండ్లు?

వింటి మీద రాసిన అంకె మామూలుగా 28 అంగుళాల డ్రాకు, అంటే నారి లాగే పొడవుకు. అంతకంటే తక్కువ లాగితే ఒక్కో అంగుళానికి సుమారు 2 నుంచి 3 పౌండ్లు తగ్గుతుంది, ఎక్కువ లాగితే అంతే పెరుగుతుంది.

కొలవడానికి పొడవైన బాణం తీసుకుని, ఒంట్లో వేడి పుట్టాక, అంటే ఓ పదిహేను ఇరవై బాణాలు వేశాక, మామూలుగా లాగి నిలవండి. పక్కనున్న మనిషి పిడి ముందు అంచు దగ్గర బాణం మీద గుర్తు పెట్టాలి. మూడుసార్లు చేసి మధ్యస్థంగా వచ్చింది తీసుకోండి. ఎవరో చూస్తున్నారంటే అందరం అర అంగుళం ఎక్కువే లాగుతాం, అందుకే మొదటి కొలత నమ్మొద్దు. వేలాడదీసే త్రాసు ఉంటే ఆ పొడవు దగ్గర బరువు నేరుగా చూసేయొచ్చు.

ఈ ఒక్క అంకె మీదే మిగతా లెక్కలన్నీ నిలబడతాయి.

## 4. బాణం బరువు

చప్పుడు విషయంలో అన్నిటికంటే ఎక్కువ తేడా చూపించేది ఇదే అని నా నమ్మకం. బరువైన బాణం నెమ్మదిగా కదులుతుంది, నారితో ఎక్కువసేపు ఉంటుంది, వింటిలోని శక్తిని ఎక్కువ తీసుకుంటుంది. తేలిక బాణం త్వరగా వెళ్లిపోయి మిగిలింది వింటికే వదిలేస్తుంది.

లెక్క గ్రెయిన్లలో వేస్తారు. 1 గ్రాము అంటే 15.43 గ్రెయిన్లు. బాణం మొత్తం బరువును, మీ చేతిలో వింటి పౌండ్లతో భాగించండి. లాంగ్‌బోకు పౌండ్‌కు 9 నుంచి 10 గ్రెయిన్లు మంచి మొదలు. 8 కంటే తక్కువకు వెళ్లకండి, పూర్తిగా కర్రతోనే చేసిన వింటికైతే 10 ఉంచండి. 41 పౌండ్ల వింటికి 10 లెక్కన 410 గ్రెయిన్లు, అంటే దాదాపు 26న్నర గ్రాములు. 45 పౌండ్లకు 450 గ్రెయిన్లు, 29 గ్రాములు.

బాణాన్ని ములికి, నాక్ (తోక దగ్గర నారి పట్టే గాడి), ఈకలతో సహా తూచండి. సెట్‌లో బాణాల మధ్య తేడా 10 గ్రెయిన్లు దాటకుండా ఏరుకోండి. దాటినవాటిని పారేయక్కర్లేదు, వాటికి వేరే జట్టు కట్టండి. బరువు చాలకపోతే వెంటనే బరువైన ములికి పెట్టేయాలనిపిస్తుంది, కానీ ములికి మారితే స్పైన్ ప్రవర్తన కూడా మారిపోతుంది, కాబట్టి ఆ నిర్ణయం 7వ మెట్టు దాకా ఆపండి.

## 5. బ్రేస్ హైట్

నారికీ పిడిలో బాగా లోపలికున్న చోటుకీ మధ్య దూరం ఇది. చాలా లాంగ్‌బోలకు 6న్నర నుంచి 7న్నర అంగుళాల మధ్య ఉంటుంది. మీ విల్లు చేసినవాళ్లు ఒక పరిధి చెప్పి ఉంటే దాన్ని దాటొద్దు.

కొత్త నారి అయితే ముందు ఓ 50, 100 బాణాలు వేయండి. సాగడం ఆగకముందు కొలిచినదంతా వృథా. డాక్రాన్ నారి మరీ సాగుతుంది. సాగని కొత్త రకం నారులు, అంటే ఫాస్ట్‌ఫ్లైట్ లాంటివి, కొసలు బలపరిచిన విండ్లకే వాడాలి. మీ వింటికి పనికొస్తుందో లేదో తెలియకపోతే డాక్రానే ఉంచండి. అది చప్పుడు కూడా కొంచెం తక్కువ చేస్తుంది.

ఇక చేసే పద్ధతి:

పరిధిలో కింది అంచు దగ్గర మొదలుపెట్టండి, ఉదాహరణకు 6న్నర. మూడు నాలుగు బాణాలు వేసి, రికార్డ్ చేసి, ఎలా ఉందో రాయండి. నారి దించి, ఒక కన్ను తీసి 3 లేదా 4 మెలికలు ఎక్కువ తిప్పి మళ్లీ ఎక్కించండి. మెలి పెరిగితే నారి పొట్టిదవుతుంది, బ్రేస్ పెరుగుతుంది. సుమారు 1/8 అంగుళం చొప్పున పెంచుకుంటూ పోండి. ప్రతిసారీ అదే దూరం నుంచి, అవే బాణాలు.

ఒక దగ్గర చప్పుడు రంగు మారుతుంది. టంగ్ అనేది సాగకుండా, మెత్తటి దిండును గుద్దినట్టు టప్ మని ఆగిపోతుంది, చేతికి జర్క్ కూడా తగ్గుతుంది. దాన్ని దాటి ఇంకా రెండు మెట్లు పైకి వెళ్లి చూడండి, మళ్లీ పాడవుతుంది. అప్పుడు వెనక్కి రండి. పైకి వెళ్లి చూడకుండా మొదటి మంచి చోటే ఆగిపోతే అది మధ్యో అంచో తెలియదు. అంచు మీద ఉంటే, ఎండకు నారి కాస్త సాగిన రోజు మళ్లీ మోత మొదలవుతుంది.

మెలి తిప్పేటప్పుడు నారి ఏ వైపు అల్లి ఉందో ఆ వైపే తిప్పాలి. పోగులు మెలేసి కన్ను అల్లిన ఫ్లెమిష్ నారిని ఎదురు తిప్పితే అల్లిక వదులై కన్ను ఊడిపోవచ్చు. ఎక్కువ మెలికలు పడి నారి ముడులు ముడులుగా చుట్టుకుంటోందంటే నారి పొడవే మీకు సరిపోవట్లేదు, పొట్టి నారి తెచ్చుకోండి.

## 6. నాక్ పాయింట్, నాక్ బిగువు

స్క్వేర్‌ను నారికి తగిలించి షెల్ఫ్ మీద ఆనించండి. బాణం నాక్ ముడికి కింద కూర్చుంటుంది కాబట్టి, పై ముడి కింది అంచు లంబ రేఖకు 1/2 అంగుళం పైన ఉండేలా మొదలుపెట్టండి. మూడు వేళ్లూ బాణం కిందే పెట్టి లాగేవాళ్లకు సాధారణంగా ఇంకొంచెం పైన కావాలి. ఎక్కువ ఎత్తులో మొదలుపెట్టి కిందికి దిగడమే మేలు, కారణం తర్వాతి మెట్టులో చెప్తాను.

ఇత్తడి రింగు కంటే దారంతో కట్టిన ముడి నయం, తేలిక, జరుపుకోవచ్చు. సర్వింగ్ మీద దారం ముందువైపు ఒక ముడి, వెనకవైపు ఒక ముడి, అలా మార్చి మార్చి ఆరు నుంచి ఎనిమిది ముడులు బిగించండి. అప్పుడే జిగురు పెట్టొద్దు. వేళ్లతో పట్టుకుని తిప్పితే బోల్టు మీద నట్టు జరిగినట్టు సర్వింగ్ మీద పైకీ కిందికీ జరుగుతుంది. ట్యూనింగ్ అంతా అయ్యాక ఒక చుక్క. బాణం కింద కూడా రెండో ముడి కట్టండి, లేకపోతే వదిలేటప్పుడు బాణం నారి మీద కిందికి జారి షెల్ఫ్‌ను కొట్టొచ్చు. రెండు ముడుల మధ్య నాక్‌కు పైగా ఒక మిల్లీమీటరు సందు వదలండి, నారి లాగినప్పుడు వంగి కోణం ఇరుకవుతుంది, సందు లేకపోతే నాక్ నలుగుతుంది.

నాక్ బిగువు పరీక్ష చిన్నదే, కానీ చాలామంది వదిలేస్తారు. విల్లును అడ్డంగా, నారి నేలవైపు ఉండేలా పట్టుకుని బాణాన్ని నారికి తగిలించి వేలాడదీయండి. తన బరువుకు పడిపోకూడదు. నారి మీద వేలితో చిన్నగా తడితే ఊడిపడాలి. పడకపోతే మరీ బిగువు, బాణం వదిలేటప్పుడు నారిని పట్టి లాగి చప్పుడు చేస్తుంది. తనంతట తాను పడితే వదులు, అది ప్రమాదం కూడా, ఎందుకంటే నాక్ ముందే జారిపోతే బాణం లేకుండా వదిలినట్టే. వదులుకు సర్వింగ్ కింద ఒక పోగు వేసి మళ్లీ చుట్టండి, బిగువుకు సన్నటి సర్వింగ్ దారం వాడండి.

## 7. స్పైన్: ఈకలు లేని బాణంతో పరీక్ష

లాంగ్‌బోలో చాలావాటికి బాణం నారికి సూటిగా ఉండదు, వింటి మందం వల్ల కొంచెం పక్కకు చూస్తూ ఉంటుంది. నారి వెనక నుంచి నెట్టగానే బాణం విల్లులా వంగి, విండోను ఒరుసుకోకుండా చుట్టూ తిరిగి, తర్వాత సూటి అవుతుంది. వంగడం సరైన మోతాదులో ఉంటే వెళ్లిన చప్పుడే ఉండదు. గట్టిదైతే వంగక ముందుభాగంతో కొడుతుంది. మెత్తదైతే ఎక్కువ వంగి తోకతో కొడుతుంది.

కర్ర బాణాల స్పైన్‌ను 26 అంగుళాల దూరంలో రెండు ఆధారాల మీద పెట్టి, మధ్యలో 2 పౌండ్ల బరువు వేలాడదీసి కొలుస్తారు. 26ను వంగిన అంగుళాలతో భాగిస్తే పౌండ్లు వస్తాయి. 0.52 అంగుళం వంగితే 50 పౌండ్లు, 0.65 వంగితే 40. కార్బన్‌కు లెక్క వేరు, 28 అంగుళాల దూరం, 1.94 పౌండ్ల బరువు, వంగిన దాన్నే అంకెగా రాస్తారు. 500 అంటే 0.500 అంగుళం, అంకె పెరిగితే బాణం మెత్తన. ఈ రెండు లెక్కలూ కలిపేసుకుని తప్పు బాణాలు కొనేవాళ్లు చాలామంది.

కర్ర బాణాలకు ఇంకో మాట. నాక్ గాడి కర్ర వార్షిక వలయాల గీతలకు అడ్డంగా ఉండాలి. అప్పుడే గట్టి పక్క వింటివైపు ఉంటుంది, నారి తాకిడికి నాక్ దగ్గర చీలదు కూడా.

షాఫ్ట్‌ను మొదటే మీ కొలతకు కోసేయకండి. పొడవుగా ఉంచండి, కోసింది మళ్లీ అతకదు.

పరీక్ష ఇలా:

ఈకలున్న బాణాలు మూడు, లేనివి రెండు. 10 మీటర్ల నుంచి మెత్తటి టార్గెట్ మీద, ఒకే బిందువుకు గురిపెట్టి వేయండి. ముందు ఈకలున్నవి ఒకచోట గుంపుగా పడాలి. అవే చెదిరిపోతుంటే ఆ రోజుకు పరీక్ష ఆపండి, ఆ ఫలితాలు మీ వింటివి కావు, మీ అలసటవి.

నిలువు తేడా ముందు సరిచేయాలి, అడ్డం తేడా తర్వాత.

- ఈకల్లేని బాణం కింద పడి, తోక పైకి లేచి గుచ్చుకుంటే: నాక్ పాయింట్ ఎక్కువ ఎత్తులో ఉంది, కిందికి జరపండి.
- పైన పడి తోక కిందికి ఉంటే: నాక్ పాయింట్ పైకి జరపండి.
- ఎడమకు పడి తోక కుడివైపు చూస్తుంటే: బాణం గట్టి.
- కుడికి పడి తోక ఎడమవైపు చూస్తుంటే: బాణం మెత్తన.

గట్టి బాణానికి బరువైన ములికి, లేదా ఇంకా పొడవైన షాఫ్ట్, లేదా విండో పక్కనున్న సైడ్ ప్లేట్ పల్చన చేయడం. మెత్త బాణానికి తేలిక ములికి, లేదా 1/4 అంగుళం చొప్పున కోయడం, లేదా సైడ్ ప్లేట్ కింద ఇంకో పొర. బరువు తగ్గితే చప్పుడు పెరుగుతుంది కాబట్టి మెత్తబాణానికి తేలిక ములికి నేను ఆఖరునే వాడతాను, కోయడమే నయం. పూర్తిగా సరిపోయాక 15, 20 మీటర్ల నుంచి కూడా చూడండి.

ఇప్పుడు చాలామందిని తికమకపెట్టే విషయం. ఫలితం అబద్ధం చెప్పొచ్చు. నాక్ పాయింట్ మరీ కింద ఉంటే బాణం తోక షెల్ఫ్‌ను గుద్దుకుని పైకి ఎగురుతుంది, టార్గెట్‌లో చూస్తే తోక పైకుంది కాబట్టి ఇంకా కిందికి దించుతారు, ఇంకా పాడవుతుంది. పైనుంచి మొదలుపెట్టి దిగమన్నది ఇందుకే. అలాగే మరీ గట్టి బాణం విండోను కొట్టుకుని కుడికి ఎగిరిపడి మెత్తబాణంలా కనిపిస్తుంది. దాన్ని మెత్తన అనుకుని కోస్తే ఇంకా గట్టిదవుతుంది, టక్ చప్పుడు ఇంకా పెరుగుతుంది. నా బాణాలు మొదట చేసింది అదే.

ఇక్కడే చప్పుడు సాక్ష్యం చెప్తుంది. బాణం మెత్తన అని టార్గెట్ అంటుంటే, విండో దగ్గర గట్టి టక్ వినిపిస్తుంటే, టార్గెట్‌ను నమ్మకుండా ఇంకో బరువైన ములికి పెట్టి చూడండి. చప్పుడు తగ్గి బాణం ఎడమకు జరిగితే అసలు సమస్య గట్టిదనమే. షాఫ్ట్‌కు, సైడ్ ప్లేట్‌కు టాల్కమ్ పౌడర్ అద్ది ఒక బాణం వేయండి. పౌడర్ చెరిగిన చోటు ఎక్కడ తగులుతోందో చూపిస్తుంది. ముందు భాగంలో చిన్న గీత మామూలే, వెనక మూడో వంతులో పొడవాటి గీకుడు ఉంటే తాకిడే.

స్పైన్ కుదిరాక మళ్లీ 5వ మెట్టుకు వెళ్లి బ్రేస్ హైట్ ఒకసారి అటూ ఇటూ కదిపి చూడండి. బాణం మారింది కాబట్టి ప్రశాంతమైన చోటు కూడా కొంచెం జరిగి ఉండొచ్చు.

## 8. షెల్ఫ్

షెల్ఫ్ మీద గట్టి తోలు వేసి ఉంటే తీసేసి మెత్తటి ఫెల్టో, వెంట్రుకలున్న తోలో అతికించండి. అతికించేముందు పిడి బాగా లోతున్న చోటుకు సూటిగా పైన, తోలు కింద ఒక అగ్గిపుల్ల ముక్క అడ్డంగా పెట్టండి. బాణం అప్పుడు పలక మీద కాకుండా చిన్న గుబ్బ మీద ఆని ఉంటుంది, రాసుకునే చోటు తగ్గుతుంది, ఈకలు కూడా తేలిగ్గా దాటతాయి. సైడ్ ప్లేట్‌కు కూడా ఇదే పద్ధతి, గుబ్బ షెల్ఫ్ గుబ్బకు ఎదురుగా ఉండాలి. తర్వాత నాక్ పాయింట్ మళ్లీ కొలవండి, షెల్ఫ్ ఎత్తు మారింది కదా.

ఇంట్లో నిశ్శబ్దంగా ఉన్నప్పుడు బాణం సంధించి చాలా నెమ్మదిగా లాగి, నెమ్మదిగానే వెనక్కి వదలండి, వదిలేయొద్దు. గరగర వినిపిస్తే అది తోలుదే.

## 9. ఈకలు

ఎత్తైన, వెనక కొస కోణంగా కోసిన ఈకలు సర్రుమంటాయి. అదే పొడవులో ఎత్తు తక్కువగా, వెనక గుండ్రంగా వాలే పారాబోలిక్ కోత ఉన్నవి నెమ్మదైనవి. ఒక బాణానికి మూడూ ఒకే రెక్కవి, అన్నీ కుడి రెక్కవో అన్నీ ఎడమ రెక్కవో ఉండాలి. ఈక ముందు కొస లేచి ఉంటే గాల్లో ఈల వేస్తుంది, చేతికి గుచ్చుకుంటుంది కూడా, అక్కడ ఒక చుక్క జిగురు వేసి నున్నగా దిద్దండి.

## 10. ఇక నారి, లింబ్ కొసలు, సైలెన్సర్లు

సర్వింగ్ జరుగుతోందేమో చూడండి, జరిగితే మళ్లీ చుట్టండి. నారికి మైనం పూసి వేళ్లతో వేడి పుట్టేదాకా రుద్దండి. నారి కన్ను లింబ్ కొస గాడిలో వదులుగా కదులుతుంటే కంటికి కొంచెం సర్వింగ్ చుట్టండి, లేదా నారి లింబ్‌ను తాకేచోట పల్చటి ఫెల్టు ముక్క అతికించండి.

ఇప్పుడు, ఇప్పుడే, సైలెన్సర్లు. ఊలు, బొచ్చు తోలు, రబ్బరు మూడూ పనిచేస్తాయి. రబ్బరు కొంచెం బరువు. ఊలు, బొచ్చు తడిస్తే నీళ్లు తాగి బరువెక్కుతాయి. నాకు ఊలే ఇష్టం. 3 అంగుళాల ఊలు పోగులు పది పన్నెండు తీసుకుని, నారి పోగులను రెండుగా విడదీసి మధ్యలోంచి దూర్చి, నడిమిన దారంతో బిగించి, అంచులు కత్తిరించి గుండ్రటి బంతిలా చేయండి.

రెండూ సమాన దూరంలో కట్టొద్దు. ఒకటి పై కొస నుంచి నారి పొడవులో నాలుగో వంతు దగ్గర, ఇంకోటి కింది కొస నుంచి మూడో వంతు దగ్గర పెట్టండి. 64 అంగుళాల నారికి పైన 16, కింద 21. దూరాలు వేరైతే నారి ఒకే లయలో ఊగడానికి చోటు దొరకదు. మధ్యకు తెస్తే బాణం వేగం ఎక్కువ తగ్గుతుంది, కొసలకు పంపితే పని తగ్గుతుంది. అంగుళం చొప్పున జరుపుతూ రికార్డ్ చేసి వినండి. పోగులు విడదీయడం వల్ల బ్రేస్ కొంచెం పెరిగి ఉంటుంది, కొలిచి సరిచేయండి.

రెండు సైలెన్సర్లతో తగ్గని చప్పుడు నాలుగుతో తగ్గదు. అలా అయితే 4 నుంచి 7 మెట్లలో ఏదో మిగిలిపోయింది.

## 11. మీ చేయి

పిడిని గట్టిగా పిసికితే విల్లు మెలితిరిగి బాణం విండోకు తగులుతుంది. వదిలేటప్పుడు వేళ్లు తెరిస్తే నారి పక్కకు పోతుంది, ఒక్కో బాణానికి ఒక్కో చప్పుడు వస్తుంది. పది బాణాల్లో మూడే మోగుతుంటే అది వింటిది కాదు, మీ వేళ్లది. ట్యూనింగ్ చేయడానికి కూర్చునే ముందు పది బాణాలూ ఒకేలా మోగేలా చూసుకోండి.

## 12. ఇంకా చప్పుడొస్తుంటే

- లాగేటప్పుడు టిక్, లింబ్ బాగానే ఉంది: నారి కన్ను గాడిలో సర్దుకుంటోంది. గాడిలో కొంచెం మైనం.
- వింటికి కట్టిన అమ్ములపొది గలగల: తీసేసి వేయండి, తేడా తెలుస్తుంది.
- అన్నీ సరిపోయాక కూడా చేతికి జర్క్: బాణం పౌండ్‌కు ఒక గ్రెయిన్ బరువు పెంచి, స్పైన్ మళ్లీ చూడండి.
- నిన్న నెమ్మదిగా ఉంది, ఇవాళ మోగుతోంది: బ్రేస్ కొలవండి. తొంభై పాళ్లు నారి సాగి ఉంటుంది.
- కింది లింబ్, పై లింబ్ సమానంగా వంగట్లేదనిపిస్తే: నాక్ పాయింట్ మాత్రమే కదపండి. లింబ్‌ను మీరు గీయొద్దు, ముఖ్యంగా ఫైబర్‌గ్లాస్ పొర ఉన్నదాన్ని. విల్లు చేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి.

## 13. రాసిపెట్టుకోవాల్సినవి

అన్నీ కుదిరిన రోజున ఇవి నోట్‌బుక్‌లో రాయండి:

- డ్రా పొడవు, ఆ పొడవు దగ్గర పౌండ్లు
- బ్రేస్ హైట్, 1/16 అంగుళం దాకా
- నాక్ పాయింట్ ఎత్తు
- బాణం మొత్తం బరువు, ములికి బరువు, షాఫ్ట్ పొడవు, స్పైన్
- సైలెన్సర్లు ఏ కొస నుంచి ఎంత దూరం
- నారి రకం, పోగుల సంఖ్య

నారి మారిస్తే 5వ మెట్టు నుంచి, బాణాలు మారిస్తే 4వ మెట్టు నుంచి మళ్లీ మొదలుపెట్టండి. పిడి పక్కన చిన్న టేపు ముక్క మీద బ్రేస్ అంకె రాసి అతికిస్తే, ప్రతిసారీ విల్లు ఎక్కుపెట్టగానే స్క్వేర్ పెట్టి చూసుకోవడం అలవాటవుతుంది. నా వింటి మీద 7 1/8 అని ఉంటుంది, దాని నుంచి 1/8 తగ్గితే మొదటి బాణానికే నాకు వినిపిస్తుంది.